‘సోమవారం ఇచ్చా’ అంటే ఇచ్చినట్టా, ఇవ్వబోతున్నట్టా?

“సోమవారం ఇచ్చా.”

ఈ మెసేజ్ మీ వాట్సాప్‌కి వచ్చిందనుకోండి. డబ్బులు ఇచ్చేసినట్టా, ఇంకా ఇవ్వాల్సి ఉన్నట్టా?

మీది గుంటూరో, విజయవాడో అయితే ‘ఇచ్చేశాడు’ అంటారు. మాది ప్రొద్దుటూరు పక్కన ఒక పల్లె. మా ఊర్లో అయితే ఇంకా ఇవ్వలేదు, ఇస్తాడు. కడప వైపు మేం ‘ఇస్తా’ని ‘ఇచ్చా’ అంటాం. ‘వస్తా’ మాకు ‘వచ్చా’, ‘తెస్తా’ మాకు ‘తెచ్చా’. మరి నిజంగా ఇచ్చేశాం అని చెప్పాలంటే? ‘ఇచ్చినా’ అంటాం. అది మీ చెవికి ‘ఇచ్చినప్పటికీ’ అని పడుతుంది. అంటే మా భవిష్యత్తు మీకు గతం, మా గతం మీకు సగం వాక్యం.

ఈ తేడా మీద ఏడాదికి పైగా ఒక రీసెర్చ్ పేపర్ రాస్తున్నాం. రాస్తున్నది నేనూ, కర్నూల్లో నాకు ఇంజనీరింగ్ చెప్పిన మా సారూ. ఇంజనీరింగ్ కాన్ఫరెన్స్ పేపర్ అంటే ఆరు పేజీలు, పేజీకి రెండు కాలమ్స్, చీమ తలకాయంత అక్షరాలు. “ఒక్క మాటకి ఆరు పేజీలా?” అని మా తమ్ముడు నవ్వాడు. ఆరు చాల్లేదు. కోసి కోసి ఆరుకి తెచ్చాం.

నేను యూనివర్సిటీ మనిషిని కాదు. బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చుని కోడ్ రాసే ఉద్యోగం నాది. బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు తర్వాత ‘అబ్‌స్ట్రాక్ట్’ అనే మాట మళ్లీ అవసరం పడలేదు. ఈ పనిలోకి లాగింది మా పెద్దమ్మకి వచ్చిన ఒక ఫోన్.

ట్రాక్టర్ లోన్ కంతు గురించి ఆ కాల్. మనిషి కాదు, మెషిన్. గొంతు మాత్రం చక్కటి తెలుగు, న్యూస్ చదివే అమ్మాయి లెక్క. “ఈ నెల కంతు ఎప్పుడు చెల్లిస్తారు?” అని అడిగింది. అది గురువారం. చెనిక్కాయల డబ్బు శనివారం చేతికొస్తుంది. అందుకని పెద్దమ్మ “సోమారం ఇచ్చా” అంది. మెషిన్ “ధన్యవాదాలు” చెప్పి పెట్టేసింది. మర్నాడు పొద్దున ఏజెంట్ ఫోన్ చేశాడు, ఈసారి మనిషే. కస్టమర్ సోమవారమే చెల్లించానని చెప్పారు అని తన స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించాడు. డబ్బు పడలేదు కదా, ఎందుకమ్మా అబద్ధాలు అన్నాడు.

సోమవారం పెద్దమ్మ కంతు కట్టేసింది. లెక్క సరిపోయింది. కానీ అబద్ధం అన్న మాట ఆమెకి దిగలేదు. నేను ఊరికి పోయినప్పుడల్లా అదే మాట. “నేనేమన్నా దొంగమాటలు చెప్పేదాన్నా పాపా? సోమారం ఇచ్చా అంటి. సోమారమే ఇచ్చినా గదా!”

ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదవండి. మా పేపర్ మొత్తం అందులోనే ఉంది.

మొదట నేను దీన్ని మామూలు బగ్ అనుకున్నా. గొంతుని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ తప్పు విని ఉంటుంది, అంతే కదా అని. పెద్దమ్మ చేత అదే మాట చెప్పించి, ఫోన్‌లో రికార్డు చేసి, ఉచితంగా దొరికే రెండు మూడు మోడల్స్‌కి ఇచ్చి చూశా. అన్నీ ‘సోమవారం ఇచ్చా’ అనే రాశాయి. ఒక్క అక్షరం తప్పు లేదు! ఆ అక్షరాలనే అనువాదం చేసే ప్రోగ్రామ్‌కి ఇస్తే మాత్రం ఇంగ్లిష్‌లో భూతకాలం వచ్చింది. చెవి బాగానే ఉంది, బుర్ర వేరే జిల్లాది.

ఈ రంగంలో మార్కులు వేసే పద్ధతిని వర్డ్ ఎర్రర్ రేట్ అంటారు. మనిషి అన్నది ఒకవైపు, మెషిన్ రాసింది ఒకవైపు పెట్టి, మారిపోయిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, కొత్తగా దూరిన మాటలు కూడి, అసలు మాటల సంఖ్యతో భాగిస్తారు. సున్నా వస్తే ఫస్ట్ ర్యాంక్. పెద్దమ్మ వాక్యానికి ఆ లెక్కలో సున్నా తప్పులు. ఆమెని అబద్ధాలకోరుగా నిలబెట్టిన వాక్యానికి నూటికి నూరు మార్కులు పడతాయన్నమాట.

ఇది సార్‌కి ఫోన్ చేసి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “ఏమ్మా, మీ పెద్దమ్మ ‘ఇచ్చా’, మీ గుంటూరు ఫ్రెండ్ ‘ఇచ్చా’ పక్కపక్కన పెట్టి విన్నావా?” అన్నారు. అసలు పేపర్ అక్కడ పుట్టింది.

కోస్తా వాళ్లు ‘నిన్న ఇచ్చాను’ అన్నప్పుడు జాగ్రత్తగా వినండి. ఆ ‘చ్చా’లో ఉన్నది అచ్చమైన ‘ఆ’ కాదు. ‘ఆ’కీ ‘ఏ’కీ మధ్యలో నిలబడ్డ శబ్దం, ‘బ్యాంకు’లో వినపడే లాంటిది. భాషాశాస్త్రజ్ఞులకి ఇది కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన తెలుగు వ్యాకరణంలో, 1985 నాటిది, ఈ స్వరానికి విడిగా ఒక గుర్తే వాడారు. మా పెద్దమ్మ ‘ఇచ్చా’లో ఉన్నది మాత్రం నోరు పూర్తిగా తెరిచే ‘ఆ’. అంటే రెండు మాటలూ నోట్లో వేరు, చెవికి వేరు, కాగితం మీద మాత్రం ఒకటే. మన లిపిలో రెండింటికీ ఒకటే దీర్ఘం. గొంతులో ఉన్న తేడాని మెషిన్ అక్షరంగా మార్చిన క్షణంలో మనమే పారేస్తున్నాం. ఆ తర్వాత ఎంత పెద్ద మోడల్ తెచ్చి చదివించినా పారేసింది తిరిగి రాదు.

ఈ గందరగోళం అన్ని క్రియలకీ రాదు. ‘చేస్తా’ మాకు ‘చేచ్చా’, ‘చూస్తా’ మాకు ‘చూచ్చా’. అలాంటి రూపాలు కోస్తాలో లేవు కాబట్టి గొడవ లేదు. మహా అయితే మెషిన్‌కి అర్థం కాదు, మళ్లీ అడుగుతుంది. భూతకాలంలో మామూలుగానే ‘చ్చ’ వచ్చే క్రియల దగ్గరే ప్రమాదం. ఇవ్వడం, రావడం, తేవడం. నాలుగోది చావడం. మా వైపు ‘చచ్చా’ అన్నవాడు నిక్షేపంగా బతికే ఉంటాడు, బెదిరిస్తున్నాడంతే. నవ్వులాటకి బాగుంది గానీ, ఇవ్వడం, రావడం, తేవడం లేకుండా ఏ అప్పు, ఏ బేరం, ఏ డెలివరీ నడుస్తుంది చెప్పండి?

కారణం తెలిసింది సరే. పేపర్‌కి రుజువు కావాలి. రుజువు అంటే గొంతులు.

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకి పోయే రోడ్డు మా ఇద్దరికీ అలవాటైన దారి. నేను కాలేజీ నాలుగేళ్లూ ఆ బస్సుల్లోనే తిరిగా. ఆ దారిలో మాట మారుతుంది. వేరుశెనగ కాయల్ని కర్నూల్లో బుడ్డలు అంటారు, మా దగ్గర చెనిక్కాయలు. హాస్టల్లో మా రూమ్మేట్ ‘వస్తాండా’ అంటే నేను ‘వచ్చాండా’ అనేదాన్ని. ఒకరినొకరం వెక్కిరించుకునేవాళ్లం. ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలవుతుందో గీత గీయలేం. రైల్వే స్టేషన్ బోర్డులాగా ఉండదు అది. అందుకే ఆదివారాలు ఆ రోడ్డు వెంబడే దిగుతూ, తెలిసినవాళ్ల ఇళ్లకి పోయి రికార్డింగ్ మొదలుపెట్టాం.

మైకు కనపడగానే మా వాళ్ల తెలుగు మారిపోతుంది. అప్పటిదాకా ‘యాడికి పోతాండావ్’ అన్న మనిషి “నేను రేపు తప్పకుండా వస్తానండీ” అని టీవీ తెలుగులోకి దిగిపోతాడు. దీనికో పేరుంది. గమనిస్తున్నామని తెలిస్తే మనిషి మాట మారుతుంది, కానీ మనకి కావాల్సింది గమనించనప్పటి మాట. విలియం లేబోవ్ అనే అమెరికన్ భాషావేత్త 1970ల్లోనే ఈ చిక్కుని వివరించాడు. మేం పట్టిన దారి సులువైనదే. ముందు సంతకం తీసుకుంటాం, ఎందుకో ఏమిటో చెప్తాం, తర్వాత ఇద్దరు చుట్టాల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి మేం టీ తాగడానికి వెళ్లిపోతాం. పది నిమిషాల్లో మైకు సంగతి మర్చిపోతారు. చీటీ డబ్బులు, బోరు మోటార్లు, పెండ్లి సంబంధాలు. ఇచ్చా, తెచ్చా, వచ్చాలకి కొదవే లేదు.

ఆ సంతకం కాగితం రాయడం కోడ్ కంటే కష్టమైంది. ఇంగ్లిష్ నమూనాలు తెలుగులో పెడితే కోర్టు నోటీసులా ఉన్నాయి. పెద్దమ్మకి చదివి వినిపిస్తే ఒకటే ప్రశ్న: “నా గొంతు తీస్కపోయి ఏం చేచ్చారు?” చివరికి ఆ ప్రశ్ననే కాగితం మీద మొదటి లైనుగా పెట్టాం. ‘మీ గొంతు తీసుకుని ఏం చేస్తాం’ అని. పేరు ఎక్కడా రాయం, లోన్ వివరాలు వినపడితే ఆ ముక్క తీసేస్తాం, ఎప్పుడు వద్దన్నా చెరిపేస్తాం అని దాని కింద. ఇప్పుడు మా ఫైళ్లలో పెద్దమ్మకి పేరు లేదు, ఒక నంబరు ఉంది.

రికార్డింగుల్లోని స్వరాలు కొలవడానికి ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో తయారైంది. డచ్ భాషలో ప్రాట్ అంటే ‘మాట్లాడు’ అని అర్థం. నోరు ఎంత తెరుచుకుంది, నాలుక ఎంత ముందుకొచ్చింది అనేది ధ్వని తరంగంలో కనపడుతుంది. దాన్ని చుక్కలుగా పెడితే కోస్తా ‘ఇచ్చా’లు ఒకవైపు, మా ‘ఇచ్చా’లు ఒకవైపు గుమిగూడతాయి. వేగంగా మాట్లాడినచోట మధ్యలో కొన్ని కలిసిపోతాయి. పేపర్ ఇంకా రివ్యూలో ఉంది కాబట్టి అంకెలూ, కాన్ఫరెన్స్ పేరూ ఇక్కడ చెప్పను.

‘ఇంతకుముందు ఎవరేం చేశారు’ అన్న భాగం రాయడం నాకు బోర్ కొడుతుందనుకున్నా. కొట్టలేదు. 2018 సెప్టెంబర్‌లో ఇంటర్‌స్పీచ్ అనే అంతర్జాతీయ కాన్ఫరెన్స్ మన హైదరాబాద్‌లోనే జరిగింది. అందులో తెలుగు, తమిళం, గుజరాతీ గుర్తించే పోటీ పెట్టి ఒక్కో భాషకి 40 గంటల ట్రైనింగ్ ఆడియో ఇచ్చారు. 2022లో వచ్చిన విస్పర్ మోడల్‌కి నేర్పించింది 6,80,000 గంటలు. అందులో ఇంగ్లిష్ కాని 96 భాషలన్నిటి గుర్తింపుకీ కలిపి 1,17,000 గంటలు. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ వాళ్లు ఇండిక్‌వాయిసెస్ పేరుతో 2024లో పెట్టిన పేపర్ నాటికి 22 భాషల్లో, 145 జిల్లాల నుంచి 7,348 గంటలు సేకరించారు. జిల్లాల లెక్క పెట్టుకుని తిరగాలని వాళ్లకి తట్టడమే నాకు నచ్చింది.

ఇంకా వెనక్కి పోతే కడపే వచ్చింది. సి.పి. బ్రౌన్ 1820లో కడపకి ఉద్యోగం మీద వచ్చి, బంగళా కొని, పండితుల్ని, రాయసగాళ్లని జీతాలిచ్చి పెట్టుకుని తెలుగు పుస్తకాలు వెతికించి రాయించాడు. ఆ స్థలంలోనే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు టైటిల్ పేజీలోనే ఉంటుంది, ఇది కావ్యభాషనే కాదు, వ్యవహారంలో జనం మాట్లాడే భాషనూ వివరిస్తుందని. అప్పులూ కంతులూ వ్యవహారమే కదా! తర్వాత కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయం మీద మొదటి సంపుటం 1962లో వచ్చింది. జిల్లా జిల్లా తిరిగి రైతుల నోటి మాటలు పోగేసిన పని అది. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే మంచి డేటాసెట్.

పేపర్‌లో తెలుగు అక్షరాలు పెట్టడం ఇంకో కథ. కాన్ఫరెన్స్ వాళ్లిచ్చిన లాటెక్ టెంప్లేట్‌లో తెలుగు టైప్ చేస్తే ఖాళీ పెట్టెలు వచ్చాయి. జీలాటెక్‌కి మారి, మండలి ఫాంటు పెడితే తెలుగు వచ్చింది గానీ, మార్జిన్లు జరిగిపోయి సబ్మిషన్ సైట్ వద్దంది. చివరికి తెలుగు మాటలన్నీ ఇంగ్లిష్ లిపిలోనే రాశాం. తమాషా ఏంటంటే, మా లిపిలో లేని ఆ మధ్య స్వరానికి అక్కడ గుర్తు ఉంది. ఇంగ్లిష్ ‘ఏ’, ‘ఈ’ అక్షరాలు వీపులు అతుక్కుని పుట్టినట్టుండే గుర్తు. తెలుగు పేపర్‌లో తెలుగు కంటే అదే స్పష్టంగా ఉండటం నాకు కొంచెం మంటగానే ఉంది.

ఇక అసలు తలనొప్పి. పేపర్ సగంలో ఉండగానే సార్ ఇన్‌బాక్స్‌కి మెయిల్స్ వర్షం మొదలైంది. ‘డియర్ ఎమినెంట్ రీసెర్చర్’ అని. ఏదో హోటల్లో అంతర్జాతీయ కాన్ఫరెన్స్ అంట, వారంలో ఆమోదం అంట, ఫీజు కడితే రాకపోయినా సర్టిఫికెట్ అంట. సివిల్, మెకానికల్, కంప్యూటర్స్, మేనేజ్‌మెంట్, అన్నీ ఒకే కాన్ఫరెన్స్‌లో, కిరాణా కొట్టు లెక్క. ఇలాంటి చోట ఎవరు ఏం చదువుతారో 2005లోనే తేలిపోయింది. ఎంఐటీలో ముగ్గురు విద్యార్థులు అర్థం లేని పేపర్లు పుట్టించే సైజెన్ అనే ప్రోగ్రామ్ రాసి, దాంతో వచ్చిన చెత్తని ఒక కాన్ఫరెన్స్‌కి పంపితే తీసుకున్నారు. 2014లో స్ప్రింగర్, ఐఈఈఈ కలిపి ఆ ప్రోగ్రామ్ రాసిన పేపర్లే 120కి పైగా తమ సైట్లలోంచి తీసేయాల్సి వచ్చింది.

ఇదంతా సార్‌కి నాకంటే బాగా తెలుసు. తెలిసినా అంత తేలిగ్గా తోసిపుచ్చలేరు. ఆయన పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. థీసిస్ ఇచ్చేముందు ఒక జర్నల్ పేపర్, రెండు కాన్ఫరెన్స్ ప్రజెంటేషన్లు ఉండాలని యూజీసీ 2016 నిబంధన. 2022లో ఆ షరతు తీసేసింది. కానీ ఆయన పనిచేసే కాలేజీ తీసేయలేదు. ఏడాదికి రెండు పేపర్లు చూపించకపోతే ఇంక్రిమెంట్ ఫైల్ కదలదు. ఆ ఫైల్‌లో మంచి కాన్ఫరెన్స్, డబ్బు కాన్ఫరెన్స్ అని రెండు గళ్లు ఉండవు, ఒకటే గడి. పైగా పేపర్ మీద పై ఆఫీసర్ పేరు కూడా ఉండాలని ఒక మౌఖిక ఆచారం. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి లోన్ ఉన్న మనిషిని ‘విలువలు పాటించండి’ అని చెప్పడానికి నేనెవర్ని? నా జీతానికి పేపర్‌తో సంబంధమే లేదు. అందుకే ఆ మాట నేను ఎత్తలేదు. ఎక్కడికి పంపుదామో మీరే చెప్పండి సార్ అన్నా.

రెండు రోజులకి ఫోన్ చేశారు. “దాంట్లో వేస్తే నా ఫైల్‌కి పనికొస్తుందమ్మా. కానీ ఎవరూ చదవరు. చదవకపోతే ఆ ఫోన్లు చేసే వాళ్లకి ఈ సంగతి ఎట్ల తెలుస్తాది?” అన్నారు. ఆ ఏడు ఆయన ఇంక్రిమెంట్ ఆగింది. పై ఆఫీసర్ పేరు మాత్రం పెట్టలేదు. ఆ సంభాషణ ఎలా నడిచిందో సార్ చెప్పలేదు, నేను అడగలేదు.

మంచి కాన్ఫరెన్స్‌కే పంపాం. మూడు నెలల తర్వాత తిరస్కరించారు. ముగ్గురు రివ్యూయర్లు. మొదటాయనకి నచ్చింది. రెండో ఆయన గొంతుల సంఖ్య తక్కువ, పల్లె, టౌన్ వేరు చేసి చూడాలన్నాడు. న్యాయమైన మాట. మూడో రివ్యూ చదివి నేను ల్యాప్‌టాప్ మూసేశా. ఆయన అన్నదాని సారాంశం, ఇవి మాట్లాడేవాళ్లు తప్పుగా మాట్లాడిన వాక్యాలు కదా, ఇలాంటి గ్రామ్యపు పొరపాట్లు డేటాలోంచి తీసేయాలి గానీ వాటి మీద పేపర్ ఎందుకని.

పెద్దమ్మని ఏజెంట్ అబద్ధమన్నాడు, ఈయన పొరపాటు అన్నాడు. ఏజెంట్‌కి జవాబివ్వడానికి చోటు లేదు. రివ్యూకి ఉంది. పేపర్ అంటే నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే. కోపంతో రాయడానికి లేదు. పట్టిక వేసి చూపించాలి. వేశాం. ఇచ్చా–ఇచ్చినా, వచ్చా–వచ్చినా, తెచ్చా–తెచ్చినా, చేచ్చా–చేసినా, చూచ్చా–చూసినా. ఒక వరస భవిష్యత్తు, ఒక వరస గతం. మాట్లాడినవాళ్లు ఒకరికొకరు తెలియదు, ఊర్లు వేరు, అయినా కాలం తారుమారు చేసినవాళ్లు ఒక్కరూ లేరు. పొరపాటు అయితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా చేస్తారు. అందరూ ఒకేలా చేసేదాన్ని వ్యాకరణం అంటారు. ఆ పట్టికకి అర పేజీ పట్టింది. దాని కోసం మేం ముచ్చటపడి గీసుకున్న రెండు బొమ్మలు తీసేశాం. రెండో రివ్యూయర్ చెప్పినట్టు పల్లె, టౌన్ వేరు చేసి కొత్త గొంతులు చేర్చి, వేరే కాన్ఫరెన్స్‌కి మళ్లీ పంపాం. ఫలితం ఇంకా రాలేదు. ఒప్పుకుంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఎవరు కట్టాలో కూడా ఇంకా తేల్చుకోలేదు. నేనే కట్టేస్తానంటే సార్ ఊరుకోవడం లేదు.

ఈలోగా ఆదోని వైపు పోదామంటున్నారు సార్. అక్కడ తెలుగులో కన్నడం కలుస్తుంది, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలిసినట్టు. వాళ్ల ‘ఇస్తా’ ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలియదు. వచ్చే ఆదివారం పొద్దున బస్సుకి రెండు మైకులు, ఇరవై సంతకం కాగితాలు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు సర్దుకోవాలి. పోయినసారి వెళ్లిన ఇంట్లో కరెంటు ప్లగ్గు ఒకటే ఉంది, దానికి ఫ్రిజ్ పెట్టుంది.